ల్యాప్‌టాప్ ఆయుర్దాయము



పుస్తకపు అట్ట ఊడినంత మాత్రమున ఏ గ్రంథాలయాధికారియు దానిని పారవేయడు. కుట్టు వేయించి, క్రొత్త అట్ట కట్టించి మరల బీరువాలో నిలుపును. బండి ఇరుసు అరిగినచో రైతు ఇరుసునే మార్చును. ఇంత వివేకము గల పల్లెవాసులే ల్యాప్‌టాప్ విషయమునకు వచ్చుసరికి, నాలుగేండ్లు నిండగనే “దీనికి కాలము చెల్లినది” అను అంగడివాని మాటకు తల యొగ్గుచున్నారు. పిల్లల చదువునకై అప్పుచేసి కొన్న వస్తువది. తొందరపడి మార్చుటయు నష్టమే. మార్చవలసిన వేళ మార్చకుండుటయు నష్టమే. ఈ రెంటి నడుమ నిర్ణయ మెట్లు చేయవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

ల్యాప్‌టాప్ మూడు మొదలు ఐదేండ్లు పనిచేయునని లోకమున వాడుక. కాని యంత్రమంతయు ఒక్కమారుగా ముసలిది కాదు. అది అనేక భాగముల కూటమి. ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ఆయువు.

మొట్టమొదట అలసిపోవునది బ్యాటరీ. అందలి లిథియం అయాన్ ఘటములు రసాయనిక చర్యవలన పనిచేయును. నిండుగా నింపిన శక్తి యంతయు ఖర్చుపడినచో దానిని ఒక ఆవృత్తి యందురు. సాధారణపు బ్యాటరీ 300 మొదలు 500 ఆవృత్తులు గడచుసరికి తొలి శక్తిలో ఇంచుమించు 80 శాతమునకు తగ్గును. వేడిమి దానికి పరమశత్రువు. పరుపుమీద నుంచి వాడినచో గాలి యాడు రంధ్రములు మూసికొని వేడి పెరుగును. బ్యాటరీ బలము తగ్గినచో క్రొత్తది వేయించిన చాలును. అది ఉబ్బి, కీబోర్డు పైకి లేచినచో మాత్రము ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, ఛార్జింగు పెట్టరాదు. అగ్నిప్రమాదము సంభవింపవచ్చును.

రెండవ చిక్కు మందగమనము. పాత యంత్రములలో పెక్కింటియందు గిరగిర తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కు ఉండును. దాని స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చి, 4 జీబీ ర్యామును 8 జీబీకి పెంచినచో ఆ యంత్రమే మునుపటికంటె చురుకుగా నడచును. ర్యాము బోర్డునకే అతికియున్న రకములలో దానిని పెంచుట సాధ్యము కాదు గనుక, కొనునాడే విచారించుట మేలు. ఫ్యానులో దుమ్ము పేరుకొన్నను వేడెక్కి మందగించును. శుభ్రము చేయించిన తీరును.

మూడవ ఆయువు కంటికి కనబడనిది. యంత్రమును నడిపించు వ్యవస్థకు తయారీదారులు భద్రతా సవరణలు పంపుచుందురు. అవి ఒకనాటికి నిలిచిపోవును. విండోస్ 10 వ్యవస్థ 2015 జూలైలో వెలువడినది. 2025 అక్టోబరు 14తో దాని సాధారణ సంరక్షణ ముగిసినది. విండోస్ 11 నడచుటకు టీపీఎం 2.0 అను భద్రతా భాగము ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరు గల యంత్రమైనచో, స్వల్ప మినహాయింపులు తప్ప, 2017లో మొదలైన ఎనిమిదవ తరమునకు చెందినదో, తరువాతిదో కావలెనని నియమము. కావున ఒడలు గట్టిగానున్న యంత్రములు సైతము అనాథలైనవి. సవరణలు అందని యంత్రముపై బ్యాంకు వ్యవహారములు నడుపుట, గడియలేని గదిలో ధాన్యము నిలువచేయుట వంటిది. ఐనను తరుణోపాయము కలదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలు విండోస్ 11 అంగీకరింపని పెక్కు యంత్రములపై చక్కగా నడచును. తెలుగు చదువుటకు, వ్రాయుటకు, ఇంటర్నెట్టు చూచుటకు అవి చాలును.

మరి మార్చవలసిన వేళ యేది? మదర్‌బోర్డు చెడి, మరమ్మతు ఖర్చు మరియొక యంత్రపు వెలలో సగమును మించినప్పుడు. భద్రతా సవరణలు నిలిచి, వేరొక వ్యవస్థయు అక్కరకు రానప్పుడు. చదువునకో వృత్తికో తప్పనిసరియైన సాఫ్ట్‌వేర్ దానిపై నడవనప్పుడు. ఈ మూటిలో ఏదియు లేనిచో, పొరుగింటివారు క్రొత్తది కొనిరన్న కారణమున అప్పు చేయనక్కరలేదు.

ఇంకొక హెచ్చరిక. ఏ డిస్కును ముందుగా చెప్పి చెడిపోదు. పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, పిల్లల ధ్రువపత్రములు, కుటుంబపు ఛాయాచిత్రములు వేరొక డిస్కులో ప్రతిచేసి దాచవలెను. యంత్రము మరల కొనవచ్చును. గతించిన తాతగారి ఛాయాచిత్రమును ఏ అంగడియు అమ్మజాలదు.

ఇక బొత్తిగా పనికిరాని యంత్రమును చెత్తకుప్పలో వేయరాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ననుసరించి 2022లో ప్రపంచమున 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగుపడగా, అందు 22.3 శాతము మాత్రమే సక్రమముగా సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినట్లు లెక్క తేలినది. మన దేశమున 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న నిబంధనలు ఈ బాధ్యతను తయారీదారులపై నుంచినవి. అనుమతి పొందిన సేకరణదారులకే పాత యంత్రమును అప్పగింపవలెను. అంతకు ముందే అందలి సొంత వివరములు పూర్తిగా చెరిపివేయవలెను.

బాగుచేసిన నడువగల యంత్రములు గ్రామమున పెక్కిండ్లలో మూలబడియుండును. వానిలో రెండు మూడు ఈ గ్రంథాలయమునకు చేరి, సొంతముగా కొనజాలని విద్యార్థులకు అక్కరకు వచ్చినచో, ఈ రజతోత్సవమునకు అంతకు మించిన కానుక వేరొకటి యుండబోదు.