గణితము చదివిన బిడ్డకు షేరు బజారులో తొలి కొలువు
(ఆవపల్లిలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగము)



పట్టము పుచ్చుకొనిన బిడ్డ ఏ కొలువున చేరవలెనను చింత, ఆవపల్లి వంటి దూరప్రాంతమున పనిచేయు తల్లిదండ్రులకు మరింత బరువైనది. నేటి యువకుల నోట తరచు వినవచ్చు పేరు ‘క్వాంట్ ట్రేడింగు’. అనగా గణితముతోను, కంప్యూటరుతోను షేరు బజారున క్రయవిక్రయములు జరుపు వృత్తి.

సంతలో ఇప్పపువ్వు వర్తకుని చూడుడు. కొనుట కొక ధర, అమ్ముట కొక ధర. నడుమనున్న తేడాయే అతని జీవనము. మబ్బు పట్టినచో ధర మార్చును. ఈ వృత్తియు నట్టిదే. అనుభవమునకు తోడు సంభావ్యతా గణితము పనిచేయును. ఇందు లాభము కడు స్వల్పము. బేరమునకు రూపాయి చొప్పున 100 బేరములలో 52 గెలిచి 48 ఓడినచో మిగులునది 4 రూపాయలు, అనగా బేరమునకు 4 పైసలు. ఖర్చు 5 పైసలైనచో తరచు గెలుచువాడును నష్టపడును.

కావుననే ఇంటి పొదుపు సొమ్ముతో, చేతి ఫోనుతో ఈ వృత్తిని అభ్యసింపరాదు. సెబీ 2024లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, 2021–22 మొదలు మూడు సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షన్ల వ్యాపారము చేసిన వ్యక్తులలో 93 శాతము మంది నష్టపోయిరి. వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. మనకు వేరొక హద్దును కలదు. 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 16వ నియమము ఉద్యోగికి సట్టా వ్యాపారమును నిషేధించుచున్నది. తరచుగ షేర్లు కొని అమ్ముటయు సట్టాయే. బిడ్డ సరదాకై తండ్రి ఖాతాను అప్పగించుట తగదు.

మరి మార్గమేది? సంస్థలో జీతమునకు చేరి, దాని పెట్టుబడితో, దాని కట్టుబాట్లలో పని నేర్చుకొనుటయే. 1988లో స్థాపితమైన డి.ఇ. షా సంస్థ 1996లోనే హైదరాబాదున కార్యాలయము తెరచినది. ఇట్టి సంస్థలు అభ్యర్థిని సంభావ్యత, గణాంక శాస్త్రము, పైథాన్, సి ప్లస్ ప్లస్ వంటి కంప్యూటరు భాషలలో పరీక్షించును.

ఆ విద్యకు మన తెలుగువారిలోనే మహోదాహరణ మున్నది. సి.ఆర్. రావుగారు 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణిత పట్టము పొంది, ఉద్యోగార్థియై కలకత్తా వెళ్లి, అచట భారత గణాంక సంస్థను గూర్చి విని, 1941లో శిక్షణకు చేరిరి. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము వారిని వరించినది. ఆ సంస్థలో నేటికిని ప్రవేశ పరీక్ష ద్వారా విద్యార్థులను చేర్చుకొందురు.

ఈ కొలువులు కొన్నియే, పోటీ తీవ్రము. ఐనను ఈ చదువు వృథా పోదు. భారత గణాంక సర్వీసు, బీమా, బ్యాంకులు, ఇవన్నియు ఆ విద్యనే కోరును. కావున బిడ్డకు పెట్టుబడి యియ్యదలచినవారు ముందుగ పుస్తకములను, కాలమును ఇండు. ఆ మూలధనమునకు నష్టము లేదు.