చీనీ తొక్క, మా బొప్పాయి జామ్
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం సభ్యురాలి ప్రసంగం)

మైకు ముందు మాట్లాడే అలవాటు నాకు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మన అనంతపురం వైపు చీనీ తోటలకు కొదవ లేదు. కోస్తా వాళ్లు బత్తాయి అంటారే, అదే. జ్యూసు తీశాక కాయ బరువులో సుమారు సగం తొక్కా పిప్పీగా పోతుంది. బస్టాండు దగ్గర బండ్ల వెనక ఆ కుప్పలు మీరూ చూసుంటారు.

పోయినేడు మా సంఘం బొప్పాయి జామ్ చేసింది. రుచి బాగుంది గానీ గట్టిపడలేదు. సీసా వంచితే పానకంలా కారింది. అంగడాయన సగం సీసాలు వెనక్కిచ్చేసినాడు. శిక్షణకొచ్చిన మేడం ఒకరు కంపెనీ జామ్ సీసా వెనక్కి తిప్పి చూపించారు. ఐఎన్‌ఎస్ 440 అని ఉంది. అదే పెక్టిన్, జామ్‌ను గడ్డ కట్టించేది. చీనీ తొక్క లోపలి తెల్ల పొరలో అది దండిగా ఉంటుందంట.

ఇక ఎట్ల తీస్తామో చెప్తాను. పైన పసుపు చెక్కు పల్చగా తీసేయాలి, అందులో నూనె ఉంటుంది. దీపం దగ్గర పిండితే చిటపటమని మండేది ఆ నూనే. తెల్ల పొరను సన్నగా తరిగి, వేడినీళ్లలో రెండుసార్లు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చేదు తగ్గుతుంది. తర్వాత మునిగేటన్ని నీళ్లు, నిమ్మరసం పోసి సన్న మంట మీద ముప్పావు గంట ఉడకనిచ్చి, పల్చటి గుడ్డలో వడగట్టాలి. పిండకూడదు, దానంతటదే కారాలి. వేళ్లకు జిగురుగా తగిలే ఆ నీళ్లే మనకు కావాల్సింది. బొప్పాయి గుజ్జు, చక్కెర, పులుపు, ఇది, అన్నీ కుదిరితేనే జామ్ నిలుస్తుంది.

మొదటిసారి మేమూ బోల్తా పడినాం. తొక్కలు గోతాంలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి వేడెక్కి బూజు పట్టింది, ఉడికించినా జిగురు రాలేదు. నిలవుంటే తొక్కలోని ఎంజైములే పెక్టిన్‌ను విరిచేస్తాయంట. అందుకే ఇప్పుడు తెచ్చిన గంటలోనే వేడినీళ్లలో వేస్తాం. కుప్పలోది ముట్టుకోం. కోయకముందే కడిగిన కాయల తొక్క బకెట్లో పక్కన పెట్టమని బండి తమ్మునికి చెప్పుకున్నాం.

ఒక ముఖ్యమైన సంగతి. తొక్క నుంచి పెక్టిన్ పొడి తీసే మిషన్ అని ఒకాయన మా ఊరికొచ్చినాడు. 4 లక్షలు. పొడి మొత్తం తనే కొంటానన్నాడు. మా 10 మందిలో తలా 40 వేలు అప్పు. సంతకాలకు కూడా సిద్ధమైపోయినాం, దాచేదేముంది! అప్పుడు మేడంను అడిగితే, ఆ నీళ్లలోంచి పొడి రావాలంటే ఆల్కహాల్ పోసి పేరబెట్టాలి, దానికి ఎక్సైజ్ అనుమతి కావాలి, ఆ ఆల్కహాల్‌ను మళ్లీ బట్టీ పట్టి తీసుకోకపోతే గిట్టదు అన్నారు. అతన్ని అనుమతి ఎవరు తెస్తారు, కొంటానన్న మాట కాగితం మీద రాసిస్తావా అనడిగినాం. మళ్లీ వస్తానన్నాడు, రాలేదు. ఇట్లాంటోళ్లు మీ ఊళ్లకూ రావచ్చు. తీర్మానం రాయకముందే ఈ రెండూ అడగండి.

మేం పొడి జోలికి పోలేదు. నీళ్లు తీసిన రోజే జామ్‌లో వాడేస్తాం. వెనక్కిచ్చిన అంగడాయనే ఇప్పుడు మళ్లీ సీసాలు పెట్టుకుంటున్నాడు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోండి, అది లేకుండా అమ్మొద్దు. నేర్చుకోవాలనుకునే వాళ్లు భోజనాల తర్వాత నా దగ్గర పేరు రాయించండి. వచ్చేటప్పుడు కత్తి, పల్చటి గుడ్డ తెచ్చుకుంటే చాలు.