డ్రింకా, గమ్మీనా? తేడా ఎక్కే టైములో ఉంది

కొలరాడోకో, కెనడాకో చదువుకోడానికి వెళ్లినవాళ్లకి షాపులోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. గంజాయి డ్రింకా, గమ్మీనా, దేనికి రిస్క్ ఎక్కువ?

నన్నడిగితే గమ్మీయే ఎక్కువ మోసం చేస్తుంది. అది అరిగి, లివర్ దాటి రక్తంలో కలవాలి. అరగంట పట్టొచ్చు, రెండు గంటలూ పట్టొచ్చు. పైగా లివర్‌లో టీహెచ్‌సీ ఇంకా ఘాటైన పదార్థంగా మారుతుంది. "ఏంట్రా, ఏమీ ఎక్కలేదు" అని ఇంకోటి వేసుకుంటారు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. గుండె దడ, భయం, వాంతులు... ఆ రాత్రి ఆస్పత్రిలోనే.

డ్రింకుల్లో చాలావాటిలో టీహెచ్‌సీని బాగా సన్నని బిందువులుగా చేసి కలుపుతారు, అందుకే త్వరగా తెలుస్తుంది. కానీ చల్లగా ఉంది కదా అని గటగటా తాగేస్తే అదీ అంతే.

లేబుల్ చూడండి. కెనడాలో ప్యాకెట్ మొత్తానికి 10 మిల్లీగ్రాములే పరిమితి. కొలరాడోలో ఒక్క డోసుకే 10, ప్యాకెట్‌కి 100 దాకా!

ఇక వీసా సంగతి. కొలరాడో ఒప్పుకున్నా అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వాడానని ఆఫీసర్ దగ్గర ఒప్పుకున్నా చాలు, తిరిగి దేశంలోకి రానివ్వకపోవచ్చు. అక్కడ డ్రింకైనా, గమ్మీ అయినా ఒకటే. సూట్‌కేసులో ఇండియాకి తెచ్చారా, ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది.