మూపురం చూసి కొంటారా, టేపు పెట్టి కొంటారా? ఫుట్‌బాల్‌లో లెక్కలతో ఆటగాళ్ళని పట్టే పద్ధతి

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క మాట. నాది మార్కాపురం. బీటెక్ చేశాను, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను, ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాను.

ఈరోజు టాపిక్ ఫుట్‌బాల్. "మనకి ఫుట్‌బాల్‌తో పనేంది అన్నా, మన దగ్గర టెన్నిస్ బాల్ క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ తప్ప ఏముంది" అని మీరు అనుకుంటారని తెలుసు. కొంచెం ఓపిక పట్టండి. లండన్‌లో మొదలుపెట్టి కంభం, గిద్దలూరు గ్రౌండ్ల దగ్గరికే తీసుకొస్తాను.

లండన్‌లో బ్రెంట్‌ఫర్డ్ అని ఒక క్లబ్ ఉంది. చిన్న క్లబ్. 1947లో పై డివిజన్ నుంచి కిందికి పడిపోయింది, మళ్ళీ పైకి రాలేదు. 2012లో ఆ క్లబ్‌ని మాథ్యూ బెన్‌హమ్ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివాడు, చిన్నప్పటి నుంచి ఆ క్లబ్ అభిమాని. మ్యాచ్‌ల ఫలితాలని లెక్కలతో అంచనా వేసే కంపెనీ నడుపుతున్నాడు, పేరు స్మార్ట్‌ఆడ్స్. డబ్బు సంపాదించింది కూడా బెట్టింగ్ రంగంలోనే. ఆయన అడిగిన ప్రశ్న సింపుల్: "పెద్ద క్లబ్‌లతో డబ్బులో పోటీ పడలేం. వాళ్ళు తప్పుగా ధర కట్టిన ఆటగాళ్ళు ఎవరు?"

2017లో బ్రెంట్‌ఫర్డ్ వాళ్ళు ఎక్సిటర్ అనే నాలుగో డివిజన్ టీమ్ నుంచి ఒక కుర్రాడిని తెచ్చారు. పేరు ఓలీ వాట్కిన్స్. కొన్న ధర 18 లక్షల పౌండ్లు అని అప్పట్లో వార్తలొచ్చాయి, అంటే మన డబ్బులో సుమారు 15 కోట్లు. మొదట వింగ్‌లో ఆడించారు, తర్వాత మధ్యలో స్ట్రైకర్‌గా పెట్టారు. ఆ సీజన్‌లో 25 గోల్స్ దాటాడు. 2020లో ఆస్టన్ విల్లా అతన్ని 2 కోట్ల 80 లక్షల పౌండ్లకి కొనుక్కుంది. సుమారు 260 కోట్లు! 2024 యూరో సెమీఫైనల్లో నెదర్లాండ్స్ మీద 90వ నిమిషంలో గోల్ కొట్టి ఇంగ్లండ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్ళింది ఇతనే.

వాట్కిన్స్ ఒక్కడే కాదు. నీల్ మొపే, సయీద్ బెన్‌రహ్మా, వీళ్ళందరినీ తక్కువకి కొని చాలా రెట్లకి అమ్మారు. ప్రతి ఏడాదీ మంచి ఆటగాళ్ళని అమ్ముకుంటూ కూడా 2021లో ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చారు. 74 ఏళ్ళ తర్వాత!

సరే, ఇందులో మ్యాజిక్ ఏంటి? మన సైడ్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను.

ఎద్దుని కొనేటప్పుడు మన పెద్దోళ్ళు ఏం చూస్తారు? పళ్ళు, మూపురం, గంగడోలు, రంగు, సుడులు. ఒక సుడి తప్పు చోట ఉంటే ఎంత మంచి ఎద్దయినా ధర పడిపోతుంది. కానీ తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి వచ్చేసరికి ఏం చేస్తాం? అందరికీ ఒకే బండ, ఒకే టైమ్. టైమ్ అయ్యాక టేపు పెట్టి కొలుస్తాం, ఎన్ని అడుగులు లాగింది అని. రెండు పళ్ళ జతని రెండు పళ్ళ జతతోనే పోలుస్తాం, సీనియర్ జతతో కాదు. అక్కడ సుడిని ఎవడూ అడగడు. అడుగులే మాట్లాడతాయి.

బెన్‌హమ్ చేసింది అదే. ఫుట్‌బాల్ సంతలో అందరూ మూపురం చూస్తుంటే, ఆయన టేపు పట్టుకొచ్చాడు. అంతకుముందే అమెరికా బేస్‌బాల్‌లో ఓక్లండ్ టీమ్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ ఈ పని చేశాడు. 'మనీబాల్' సినిమా చూసినవాళ్ళకి గుర్తుంటుంది. 2002లో తక్కువ జీతాల టీమ్‌తో వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచారు.

అయితే ఫుట్‌బాల్‌లో కొలవడం కష్టం. మ్యాచ్ మొత్తానికి గోల్స్ రెండో మూడో పడతాయి. అందుకే గోల్స్ మాత్రమే లెక్కపెడితే అదృష్టాన్ని కొన్నట్టే. మరి ఏం కొలుస్తారు? ముఖ్యంగా నాలుగు విషయాలు.

ఒకటి, అవకాశం నాణ్యత. దీన్ని ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అంటారు. గతంలో ఇలాంటి చోటు నుంచి, ఇలాంటి కోణంలో కొట్టిన వేల షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయి అని చూసి ప్రతి షాట్‌కి ఒక విలువ ఇస్తారు. పెనాల్టీ అయితే సుమారు 0.76. దూరం నుంచి గుడ్డిగా కొట్టే షాట్ అయితే 0.03 ఉండొచ్చు. ఇప్పుడు ఇద్దరు స్ట్రైకర్లు ఉన్నారనుకోండి. ఒకడు 12 గోల్స్ కొట్టాడు, కానీ అతనికి దొరికిన అవకాశాల విలువ మొత్తం 6. ఇంకొకడు 7 కొట్టాడు, అతని అవకాశాల విలువ 11. పేపర్ మొదటివాడి ఫోటో వేస్తుంది. లెక్క తెలిసిన క్లబ్ రెండోవాడి ఇంటికి వెళ్తుంది. ఎందుకంటే మంచి చోటికి పదే పదే వెళ్ళడం అలవాటు, అది వచ్చే ఏడాది కూడా ఉంటుంది. దూరం నుంచి తగిలిన బంతులు వచ్చే ఏడాది తగలకపోవచ్చు.

రెండు, ఎవరి మీద ఆడాడు. నాలుగో డివిజన్‌లో 15 గోల్స్, రెండో డివిజన్‌లో 15 గోల్స్ ఒకటి కాదు. లీగ్‌ల బలాన్ని బట్టి అంకెని తగ్గించో పెంచో చూస్తారు.

మూడు, వయసు, కాంట్రాక్ట్. 21 ఏళ్ళవాడు ఇంకా ఎదుగుతాడు, 30 ఏళ్ళవాడు దిగుతాడు. కాంట్రాక్ట్ ఒక్క ఏడాదే మిగిలి ఉంటే పాత క్లబ్ తక్కువకే ఇచ్చేస్తుంది.

నాలుగు, మన టీమ్‌లో ఏ పని చేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. మొహమ్మద్ సలా చెల్సీలో పనికిరాడని పంపేశారు. ఇయాన్ గ్రాహమ్ అనే ఫిజిక్స్ డాక్టరేట్ నడిపిన లివర్‌పూల్ డేటా టీమ్ అతని అంకెలు చూసి గట్టిగా సిఫార్సు చేసింది. 2017లో వచ్చాడు, మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్.

ఇంకో మాట. కంప్యూటర్ చెప్పగానే కొనేయరు. వేలమందిలోంచి ఇరవై మందిని డేటా బయటికి తీస్తుంది. ఆ తర్వాత మనిషే వెళ్ళి చూస్తాడు, కోచ్‌తో మాట్లాడతాడు, కుర్రాడి మనస్తత్వం చూస్తాడు.

ఇప్పుడు మన తెలుగు నేల మీదకి వద్దాం. ముందు కబడ్డీ. 2023లో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని వేలంలో 2 కోట్ల 60 లక్షలకి కొన్నారు. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డ్. పవన్ తన పని తాను చేశాడు, 200కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. టీమ్ మాత్రం 22 మ్యాచ్‌లలో రెండే గెలిచి చివర్లో నిలిచింది. తప్పు పవన్‌ది కాదు. మ్యాట్ మీద ఉండేది ఏడుగురు. మంచి రైడర్ పాయింట్ తెస్తాడు, డిఫెన్స్ దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. మెరిసే పేరుకి ధర ఎక్కువ. కార్నర్‌లో కాలు పట్టుకుని వదలనివాడికి ధర తక్కువ. గెలుపులో మాత్రం ఇద్దరి వాటా ఉంటుంది. తక్కువ ధర కట్టిన ఆటగాడు అంటే అర్థం అదే.

తర్వాత క్రికెట్. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు, సగటు 176. నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. నాగాలాండ్ బౌలింగ్‌కి కొంచెం తగ్గించి చూసినా అది మామూలు అంకె కాదు. ఐదేళ్ళ తర్వాత సన్‌రైజర్స్ హైదరాబాద్ అతన్ని వేలంలో 20 లక్షలకి తీసుకుంది. కనీస ధర! 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తెచ్చుకున్నాడు, ఆ వెంటనే 6 కోట్లకి అట్టిపెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్ట్‌లో సెంచరీ. 20 లక్షల నుంచి 6 కోట్లు, అంటే 30 రెట్లు.

ఫుట్‌బాల్‌లో మనకి హైదరాబాద్ ఉంది. ఒకప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే స్కూల్ టీచర్ హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని తయారు చేశాడు. 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచారు. 1962 ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకి పంపి ఆడించాడు. అతను గోల్ కొట్టాడు, ఇండియాకి బంగారు పతకం వచ్చింది. ఆయన దగ్గర ల్యాప్‌టాప్ లేదు. కానీ ఎవడు ఏ పనికి సరిపోతాడో చూసే కన్ను ఉంది. మన రోజుల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో చివరి స్థానం. తర్వాత ఆకాశ్ మిశ్రా లాంటి కుర్రాళ్ళని ఫెడరేషన్ యువజట్టు నుంచి తెచ్చుకుని, నమ్మి ఆడించి, 2022 మార్చిలో ఛాంపియన్ అయ్యారు. ఆ తర్వాత జీతాలు ఇవ్వలేకపోయారు, ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, 2023-24లో మళ్ళీ చివరికి వచ్చారు. మంచి ఎంపిక ఒక్కటే సరిపోదు, నెల జీతం కూడా పడాలి.

ఇప్పుడు అసలు విషయం. ఈ వీడియో చేసింది దీని కోసమే.

నితీశ్ 1,237 పరుగులు మనకి ఎలా తెలుసు? అది బోర్డు టోర్నమెంట్. అధికారిక స్కోరర్ కూర్చుని ప్రతి బంతీ రాశాడు. అక్కడిదాకా రావడానికి వాళ్ళ నాన్నగారు హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారు. అదే 441 తర్లుపాడులో టెన్నిస్ బాల్ టోర్నమెంట్‌లో కొట్టి ఉంటే? రాత్రి టీ అంగడి దగ్గర చెప్పుకుంటారు, వారం తర్వాత మర్చిపోతారు. రాసినవాడు లేడు.

వాట్కిన్స్ ఆడింది నాలుగో డివిజన్. కానీ ఇంగ్లండ్‌లో నాలుగో డివిజన్‌లో కూడా ప్రతి షాట్, ప్రతి పాస్ రికార్డ్ అవుతుంది. అందుకే లండన్‌లో కూర్చున్నవాడికి కనిపించాడు. లెక్కలు కంటికి కనపడనివాడిని వెతికి పెడతాయి, నిజమే. కానీ లెక్కల్లోకే ఎక్కనివాడిని అవి కూడా వెతకలేవు. యర్రగొండపాలెంలో రైడ్‌కి వెళ్తే ఎవరికీ దొరకని కుర్రాడు, దోర్నాలలో 130 స్పీడ్‌తో వేస్తున్నాడేమో అనిపించే కుర్రాడు, వీళ్ళకి తక్కువ ధర కట్టలేదు. అసలు ధరే కట్టలేదు.

అంకె ఉంటే చాలు న్యాయం జరిగినట్టే అనుకోకండి. మా బీటెక్ రోజుల్లో ఒక కంపెనీ క్యాంపస్‌కి వచ్చింది. పదో తరగతి నుంచి బీటెక్ దాకా అన్నిట్లో 60 శాతం ఉండాలన్నారు. మాలో కోడ్ అందరికంటే బాగా రాసేవాడికి ఇంటర్‌లో 58. టెస్ట్ కూడా రాయనివ్వలేదు. 60 అనేది అంకే. కానీ ఆ పనికి సంబంధం లేని అంకె. అది కూడా సుడి చూడటమే, కాకపోతే పర్సెంటేజ్‌లో చూశారు. టేపు అంటే నువ్వు చేయబోయే పనిని కొలిచేది.

మరి ఏం చేద్దాం? పెద్ద పెద్ద మాటలు వద్దు. సంక్రాంతికి, తిరునాళ్ళకి టోర్నమెంట్లు పెట్టే అన్నలకి నా రిక్వెస్ట్ ఇది. ఫ్లెక్సీలకి, కప్పులకి, మైక్‌సెట్‌కి పెట్టే ఖర్చులో కొంచెం తీసి స్కోర్ రాయడానికి ఒక మనిషిని పెట్టండి. డిగ్రీ చదివే తమ్ముడో చెల్లెలో చాలు.

క్రికెట్ అయితే క్రిక్‌హీరోస్ లాంటి యాప్ ఫోన్‌లో ఉచితంగా ఉంది. ప్రతి బంతీ ఎక్కించండి. పరుగులు ఒక్కటే కాదు, ఎన్ని బంతులు ఆడాడు, ఎన్ని డాట్‌లు, బౌండరీ ఎంత దూరం. కబడ్డీ అయితే ఒక నోట్‌బుక్ చాలు. ఎన్ని రైడ్‌లకి వెళ్ళాడు, ఎన్ని పాయింట్ తెచ్చాయి, ఎన్ని ఖాళీ, ఎన్నిసార్లు దొరికాడు, ట్యాకిల్‌కి ఎన్నిసార్లు దూకితే ఎన్నిసార్లు పట్టాడు. తేదీ రాయండి, ఎదుటి టీమ్ పేరు రాయండి, ఆ టీమ్ ఎలాంటిదో ఒక్క లైన్ రాయండి. ఒక్క మ్యాచ్‌తో ఏమీ తేలదు. ఇరవై మ్యాచ్‌లు అయ్యాక చూడండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఊరంతా హీరో అనుకున్నవాడి కంటే ఎవరూ పట్టించుకోని కుర్రాడి అంకె మీద ఉండొచ్చు.

ఆ నోట్‌బుక్ చూసి ఐపీఎల్ వాళ్ళు మార్కాపురం బస్సెక్కుతారని నేను చెప్పను. టెన్నిస్ బాల్ లెక్కకి పెద్ద టీమ్‌లు విలువ ఇవ్వవు. కానీ ఒంగోలులో సెలక్షన్స్‌కి వెళ్ళినప్పుడు "మావాడు బాగా ఆడతాడు సార్" అనడానికీ, "ఇరవై మ్యాచ్‌లు, 210 రైడ్‌లు, ఇవిగో" అనడానికీ తేడా ఉంది. రెండోదానికి కనీసం ఒకసారి ఆడించి చూస్తారు. సిఫార్సు లేని ఇంటి పిల్లాడికి ఆ ఒక్కసారే కావాలి.

దేశంలో ఎంతోమంది పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పలకలు మన మార్కాపురంలోనే తయారయ్యాయి. మన పిల్లల ఆటని రాయడానికి మనకి పలక కరువా చెప్పండి!

వచ్చే ఎపిసోడ్‌లో కబడ్డీ స్కోర్ షీట్ ఎలా గీసుకోవాలో, మ్యాచ్ జరుగుతుండగానే తప్పుల్లేకుండా ఎలా నింపాలో ఒక మ్యాచ్ వీడియో పెట్టుకుని స్టెప్ బై స్టెప్ చేసి చూపిస్తాను. మీ ఊళ్ళో టోర్నమెంట్ పెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. ఉంటాను మరి, నమస్తే.