పాచినుండి చమురు
(నాంపల్లిలోని యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగపాఠము)



ఆబిడ్సు తపాలా కార్యాలయమునుండి నాంపల్లి రైలుస్టేషనువరకు నడచువారికి రెండు వాసనలు పరిచితములు. ఒకటి మోటారుబండ్ల పొగ, రెండవది మురుగుకాలువ. మొదటిదానికై మన దేశము తాను వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి కొనుచున్నది. రెండవదానిని ఊరకే పారబోయుచున్నాము. ఈ రెంటికిని బంధుత్వము కుదురునా యనునదే నేటి విషయము.

హుసేన్‌సాగరముపై తేలు పచ్చని పొరను చూచి మనము ముక్కు మూసికొందుము. మన మురుగులోని లవణములే దానికి ఆహారము. అందు తరచుగా కనబడు నీలహరిత శైవలములు, పేరునకు నాచులైనను, నిజమునకు బాక్టీరియాల చుట్టములు. వరిమళ్లలో గాలినుండి నత్రజనిని పట్టి పైరుకు పెట్టునవి యివియేయని ఢాకాలో పనిచేసిన పి. కె. డే 1939లో నిరూపించెను. మన రైతునకు ఆ సేవ జీతము లేని సేవ!

సూర్యరశ్మి, నీరు, బొగ్గుపులుసు గాలి: ఈ మూటితో నాచు తన దేహమును నిర్మించుకొనును. కొన్ని పచ్చనాచులు ఎండుబరువులో నాల్గవవంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, నూనెగా దాచుకొనును. ఆ నూనెను మిథనాలుతో కలిపి డీజెలుకు మారుగా వాడవచ్చును. భావనగరములోని కేంద్రీయ పరిశోధనాలయమువారు 2012లో అట్టి యింధనముతో మోటారుబండిని నడిపి చూపిరి.

ఇంతవరకు విన్నవారికి ఉత్సాహము కలుగుట సహజము. కాని లెక్క చూడక సంతోషించుట మాకు అలవాటు లేదు. చదరపు మీటరునకు దినమునకు 20 గ్రాముల ఎండునాచు దొరకుననుకొందము. ఇది ఉదారమైన అంచనా. ఎకరమునకు సుమారు 81 కిలోలు; అందు నూనె 20 కిలోలు. నీటిలో నాచు లీటరునకు అరగ్రామే యున్నచో, ఆ 81 కిలోలకై దినమునకు లక్షా అరువదివేల లీటర్ల నీటిని వడకట్టవలెను! పంపు త్రిప్పుటకును, తడి ఆర్చుటకును వ్యయమగు శక్తి వచ్చిన నూనెను మ్రింగివేయవచ్చును. ఇంకొక చిక్కు గలదు: నత్రజని తగ్గించి ఆకలితో నుంచిననే నాచు నూనెను కూడబెట్టును, ఆకలితో నున్న నాచు పెరుగదు. నాచునుండి ఉదజని తీయుటయు నట్టిదే. గాఫ్రాన్ దానిని 1940 ప్రాంతముననే గమనించెను. కాని నాచు తాను విడుచు ప్రాణవాయువే ఆ పనిచేయు ఎంజైమును చెరచును.

అమెరికా ప్రభుత్వము 1978లో పని మొదలిడి 1996లో మానెను. ఎక్సాన్‌మొబిల్ సంస్థ 2009లో ప్రవేశించి 2023లో చేతులు దులుపుకొనెను. ధనవంతులే విడిచిన దానిని మనమేల పట్టవలెనని అడుగువారుందురు. వారు కోరినది నూనె యొక్కటే. మనకు మురుగునీటి శుద్ధియే ముఖ్యము, నూనె పైలాభము. శుద్ధికి ఎటులైనను వ్యయము చేయవలసినదే గదా! తార్నాకలోని రసాయన పరిశోధనాలయమువారు (1944లో హైదరాబాదు రాష్ట్రమే నెలకొల్పినది) మురుగునీట నాచు పెంచి నూనె పరిశీలించియే యున్నారు.

ఆటోలకును బస్సులకును నాచునూనె వలయునని మేము చెప్పము. సౌరఫలకములు ఎండలో నూటికి 20 పాళ్లవరకు విద్యుత్తుగా మార్చుచుండగా నాచు రెండు మూడు పాళ్లకే అలయును. వీధులలో తిరుగు బండ్లకు విద్యుత్తే మేలు. బ్యాటరీల బరువు మోయలేని దూరవిమానములకు మాత్రము ద్రవ యింధనము తప్పదు.

కావున మా కోరిక చిన్నది. నగర మురుగుశుద్ధి కేంద్రములలో ఒకదాని ప్రక్క ఒక్క ఎకరము మడుగు. పదియేండ్లు విడువని పని. పంపునకైన విద్యుత్తు, వచ్చిన నూనె, శుద్ధియైన నీరు: ఈ మూడు పద్దులు ఏటేట ప్రకటింపబడవలెను, ఇట్టి పఠనమందిరముల బల్లలపై పత్రికలతో పాటు పడియుండవలెను. లెక్క నష్టము చూపిన యేడు కూడ.