మోటారు సైకిలు తాళంచెవి పోయినప్పుడు

విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునాడో, అరసవల్లిలో రథసప్తమినాడో, జనసమ్మర్దమున మోటారు సైకిలు తాళంచెవి జారిపోయినయెడల, హ్యాండిలును బలవంతముగా త్రిప్పబూనుట తగదు. ఏలయన అందువలన తాళమును చెడి వ్యయము ఇబ్బడి యగును.

ఇంట రెండవ చెవి లేనిచో, బండి కొన్ననాడు చెవులతో ఇచ్చిన బిళ్లపై అంకె ఉన్నదేమో చూడవలెను. పెక్కు బండ్లకు ఆ అంకెనుబట్టి, రిజిస్ట్రేషను పత్రమును గుర్తింపు కార్డును చూపినమీదట, డీలరు క్రొత్తచెవిని తెప్పింపగలడు. అంకెయు లేనప్పుడు బజారులో తాళంచెవులు చేయు పనివాడే దిక్కు. అతడు గాట్లులేని చెవిని తాళమున దూర్చి, మెల్లగా కదల్చి, లోపలి పలకలు దానిపై వేసిన సన్నని గుర్తులను వెలుతురున పరికించి, గుర్తులున్నచోటనే ఆకురాయితో రాచుచు, తాళము తెరచుకొనువరకు ఓర్పుతో ఆ పని సాగించును. ఈ హస్తకౌశలము మిక్కిలి గౌరవింపదగినది. చెవిలో చిప్పు గల బండ్లకు మాత్రము డీలరును ఆశ్రయించుట మేలు.

పోయిన చెవి అన్యుల చేజిక్కినదను శంక ఉన్నచో, ఇగ్నిషను, పెట్రోలు ట్యాంకు, సీటు తాళముల నన్నిటిని మార్చుటయే క్షేమము. క్రొత్తచెవి చేతికందిన దినముననే మరియొకటి చేయించి ఇంటను, దాని అంకెను పుస్తకమునను భద్రపరుపుడు.