జూన్‌లో విత్తనమా, ఫీజా?

(రైతు సంఘం మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి పడగానే మనం విత్తనాలు, ఎరువులు కొనాలి. అదే జూన్‌లో బడులు తెరుస్తారు. చేతిలో డబ్బు ఒక్కదానికే చాలదు, ఖర్చులు రెండు. పదెకరాల ఆసామి పిల్లవాడు పట్నం బడి బస్సెక్కుతాడు. కౌలురైతు వడ్డీకి తెచ్చి కొడుక్కి ఫీజు కట్టి, కూతుర్ని సర్కారు బడికి పంపుతాడు. కూలీల పిల్లలు పత్తి ఏరే రోజుల్లో బడే మానేస్తారు. ఒకే ఊరు, మూడు చదువులు. తేడా పిల్లల తెలివిలో లేదు, మన భూముల్లో ఉంది.

అందరి పిల్లలకూ ఉమ్మడి బడి కావాలని, జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. ఇప్పటికీ అమలు కాలేదు. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఒక్క టీచరే ఐదు తరగతులూ చూసే బడులు ఇంకా ఉన్నాయి. అది చూసి మనమే పిల్లల్ని మాన్పిస్తున్నాం. పిల్లలు తగ్గారని బడులు మూస్తున్నారు. చివరికి నష్టపోయేది కూలీ బిడ్డే.

బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం అంటోంది. ఆ కుర్చీల్లో మనం కూర్చుందాం. మద్దతు ధర కోసం రోడ్డెక్కే మనం, రెండో టీచరు కోసమూ ఎక్కుదాం. ఈ డిమాండును ప్రతి గ్రామ కమిటీ తీర్మానంలో చేర్చాలని కోరుతున్నాం.